బాకీల పుస్తకంతో మొదలుపెట్టండి: వారమంతా బతికే విశ్వాసం ఎలా?

గోదావరి డెల్టాలో మందిరాలకు కరువు లేదు. 1830ల్లో ఇంగ్లండు మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు వచ్చి నరసాపురం, పాలకొల్లు వైపు సువార్త పని మొదలుపెట్టారు. అప్పటి నుంచి లెక్కేస్తే దగ్గర దగ్గర రెండు వందల ఏళ్లు. ఇవాళ ఏ పేటలోకి వెళ్లినా ఆదివారం పొద్దున తెల్ల చీరలు, సంచుల్లో బైబిళ్లు, మైకులో కీర్తన. కరువల్లా సోమవారానిదే. మందిరంలో కన్నీళ్లతో చేతులెత్తిన మనిషి మర్నాడు కాటా దగ్గర, బోదె (పంటకాలువ) దగ్గర, కూలి లెక్క దగ్గర కనపడటం లేదు. కింద రాసిందంతా ఆ సోమవారం కోసం.

ముందే ఒక మాట. క్రియల వల్ల రక్షణ రాదని ఎఫెసీ 2:8–9 చెబుతుంది. అది మన సంఘాల్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. దాని పక్కనే ఉన్న 10వ వచనం మాత్రం ఎవరికీ నోటికి రాదు. మంచి పనులు చేయడానికే మనల్ని సృష్టించాడని ఉంది అక్కడ. యాకోబు 2:17 ఇంకా మొహమాటం లేకుండా, క్రియలు లేని విశ్వాసం చచ్చినదేనంటుంది. కాబట్టి కింద చెప్పే పనులు పరలోకానికి టిక్కెట్టు కావు. ప్రాణం ఉందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవడం లాంటివి.

కావలసినవి: 100 పేజీల నోటుపుస్తకం ఒకటి, పెన్ను, శనివారం రాత్రి భోజనాలయ్యాక ఓ అరగంట.

మొదటి మెట్టు: బాకీలు రాయండి

పుస్తకం తెరిచి, ఎడమ పేజీలో మీరు ఇవ్వాల్సిన డబ్బు రాయండి. కిరాణా కొట్టు ఖాతా, పాలవాడి లెక్క, చేబదుళ్లు, చీటీ పాడుకున్నాక ఆగిపోయిన వాయిదాలు, కూలీలకు "రేపు రండి" అన్న డబ్బులు. ప్రతి వరుసలో పేరు, మొత్తం, ఎప్పటిది అన్నవి ఉండాలి. కుడి పేజీలో మీ మాట వల్లో చేత వల్లో దెబ్బతిన్న మనుషుల పేర్లు రాయండి. దాని పని తర్వాత చూద్దాం.

"ప్రభువా, నా పాపాలన్నీ క్షమించు" అంటే సరిపోదా, ఈ చిట్టా ఎందుకు అని అనిపిస్తుంది. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య ఏమన్నాడో చూడండి. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్నాడు. అన్నీ అంకెలే. యేసు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నది ఆ అంకెలు విన్నాకే.

తీర్చే వరస ఇది. ముందు కూలి డబ్బులు, అవి ఎంతైనా సరే. తర్వాత 500 లోపు చిల్లర బాకీలన్నీ ఆ వారమే. పెద్దవాటికి మనిషి ఇంటికి నడిచి వెళ్లి, నెలకు ఎంత ఇవ్వగలరో చెప్పి, మొదటి వాయిదా అక్కడే చేతిలో పెట్టండి. నెలకు 2000 ఇవ్వగలిగితే 1500 అనే చెప్పండి, ఎందుకంటే చెప్పిన తేదీ తప్పితే మొదటికన్నా ఎక్కువ చెడ్డ అవుతుంది. మోసం చేసి తీసుకున్నదైతే అసలుకు ఐదో వంతు కలపాలని సంఖ్యాకాండం 5:7. అంటే 1000కి 1200. మనిషి చనిపోతే పిల్లలకు ఇవ్వండి. వాళ్లూ దొరకకపోతే బీదవాళ్లకు పోవాలి గాని మీ దగ్గర ఉండకూడదు.

ఇక్కడ తరచుగా వినపడే మాట ఒకటుంది: "దేవుడు ఇచ్చినప్పుడు ఇస్తాలెండి." మన అప్పును దేవుడి నెత్తిన పెట్టడం ఇది. అప్పిచ్చినవాడు విశ్వాసి కాకపోతే ఆ మాట విన్నాక మందిరం వైపు చూడడు. ఫోను ఎత్తకుండా తప్పించుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. ఎత్తండి, లేదని చెప్పండి, ఎప్పుడో చెప్పండి.

మీరే అప్పిచ్చేవారైతే వడ్డీని ఏడాదికి లెక్కేసి చూసుకోండి. నెలకు నూటికి 2 రూపాయలంటే ఏడాదికి 24 శాతం, 5 రూపాయలంటే 60 శాతం. బీదవాడికి అప్పిస్తే వడ్డీ కట్టొద్దని నిర్గమకాండం 22:25. ఆసుపత్రి ఖర్చుకు వచ్చినవాళ్ల దగ్గర అసలు మాత్రమే తీసుకోవడం అక్కడి నుంచి మొదలవుతుంది. వ్యాపారం పెట్టుకోవడానికి తీసుకున్నవాడి సంగతి వేరే.

రెండో మెట్టు: పొద్దు గుంకేలోపు కూలి

ద్వితీయోపదేశకాండం 24:15 ప్రకారం కూలివాడి కూలి ఆ రోజు సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలి. యాకోబు 5:4లో చేను కోసినవాళ్ల కూలి బిగబట్టిన రైతుల గురించి ఉంది. అది వరిచేల దేశంలో కూర్చుని రాసినట్టే ఉంటుంది.

ఊడ్పుల రోజు ముందే చిల్లర మార్చి పెట్టుకోండి. 12 మంది దిగితే 12 మందికీ సరిపడే నోట్లు విడివిడిగా ఉండాలి. "ముఠా మేస్త్రికి ఇచ్చేశాం, మీరు పంచుకోండి" అంటే చివర్న ఉన్న ముసలమ్మకు తక్కువ పడుతుంది. ఎవరి డబ్బు వాళ్ల చేతిలోనే పెట్టండి. ఆడమనిషి కూలి ఆమె భర్త చేతికి ఇవ్వొద్దు, చాలా ఇళ్లలో అది నేరుగా మందు కొట్టుకు పోతుంది. వానొచ్చి సగం పూట ఆగితే ఎంతిస్తారో పొద్దున్నే చెప్పేయండి, సాయంత్రం గొడవ ఉండదు. కొబ్బరి దింపు వాళ్లకు చెట్టు లెక్కన ఇస్తున్నా మాట ఇదే.

టీ ఇస్తే మీరు తాగే గ్లాసులోనే ఇవ్వండి. కూలోళ్లకు వేరే గ్లాసు చూరులో దోపి ఉంచిన ఇంట్లో ఉపవాస ప్రార్థన జరిగితే దాన్ని ఏమనాలో మాకు తెలియదు.

ఇంకోటి, దీన్ని దాదాపు ఎవరూ గమనించరు. విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞలో (నిర్గమ 20:10) దాసి, దాసుడు కూడా ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక బంధువుల్ని భోజనానికి పిలిచి, ఆ అంట్లన్నీ పనిమనిషికి వదిలేస్తే మీ విశ్రాంతి ఆమె నడుం మీద పడుతుంది. ఆదివారం ఆమెకు సెలవు ఇవ్వండి, జీతం కోయకుండా. అంట్లు మగపిల్లల చేత తోమించండి.

మూడో మెట్టు: కాటా, గట్టు, నీళ్లు

డెల్టాలో నీతి తేలేది ఈ మూడింటి దగ్గరే. తూకం గురించి సామెతలు 11:1లో ఉంది, గట్టు గురించి ద్వితీయోపదేశకాండం 19:14లో ఉంది. నీళ్ల గురించి వచనం వెతకక్కర్లేదు, కాలువ చివరన ఉన్న శివారు చేను రైతు ముఖం చూస్తే చాలు.

కాటా. ధాన్యం బస్తా 75 కిలోలు. తరుగు పేరుతో బస్తాకు కిలో ఎక్కువ లాగితే 100 బస్తాల మీద 100 కిలోలు, అంటే ఒక బస్తా, మరో పాతిక కిలోలు. కౌలు రైతుకు అది నెల రోజుల తిండి. కొనేవాళ్లయితే ఖాళీ కాటా సున్నా చూపించాకే మొదటి బస్తా ఎక్కించండి. ముద్ర వేసిన 20 కిలోల రాయి ఒకటి పక్కన పెట్టుకుని రైతే పరీక్షించుకునేలా చేయండి. తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు దాటనివ్వద్దు. గోనె బరువు ఎంత తీస్తారో ముందే చెప్పండి. అమ్మేవాళ్లయితే తేమ 17 శాతం దాటిన ధాన్యాన్ని పైన ఎండినవి పోసి కప్పకండి, తాలు తూర్పారబట్టకుండా కట్టకండి. "మిల్లరు మనల్ని ముంచట్లేదా" అంటారు. ముంచుతూ ఉండొచ్చు. దానికి రసీదు అడగాలి, ఫిర్యాదు చేయాలి. మట్టిగడ్డలు కలపడం కాదు.

గట్టు. ఏటా పార తగిలించి నాలుగు వేళ్లు చెక్కితే పదేళ్లలో ఎన్ని అడుగులు జరుగుతుందో మీకూ తెలుసు, పక్కవాడికీ తెలుసు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక, ఎండాకాలంలో గట్లు బాగుచేసే రోజు పక్క రైతును పిలవండి. రెండు చివర్ల రాళ్లకు తాడు కట్టి, ఇద్దరూ నిలబడి, మట్టి మీ చేలోంచే తీసి వేయండి. ఇన్నేళ్లలో జరిగిపోయిందని తాడు చూపిస్తే వెనక్కి జరపండి. అది చేసిన రోజు మీ సాక్ష్యం మైకు లేకుండానే ఊరంతా వింటుంది.

నీళ్లు. మీ వంతు అయిపోగానే తూము మూసేయండి. రాత్రి రెండు గంటలకు ఎవరూ చూడరు కదా అని తెరిచినప్పుడే శివారు చేలు ఎండుతాయి. రొయ్యల చెరువులున్నవాళ్లు ఉప్పునీళ్లు పంటబోదెలోకి వదలకండి. కింద వరి మొక్క ఎర్రబడి చస్తుంది, ఆ నేల తేరుకోవడానికి మంచినీళ్లతో ఎన్నిసార్లు కడగాలో ఎవరూ ముందుగా చెప్పలేరు. చెరువు ఖాళీ చేసేముందు కింది రైతులకు రెండు రోజుల ముందు చెప్పడం కనీస మర్యాద. జబ్బు తగిలిన చెరువు నీళ్లు అసలే వదలకూడదు.

పరిగె, అంటే కోత తర్వాత చేలో మిగిలిన వెన్నులు, వాటి సంగతి కూడా ఇక్కడే. చేను అంచుల దాకా ఊడ్చి కోయొద్దు, మర్చిపోయిన పన కోసం వెనక్కి పోవద్దు అని లేవీయకాండం 19:9, ద్వితీయోపదేశకాండం 24:19 చెబుతాయి. బైబిల్లో విధవరాలు రూతు బతికింది ఆ పరిగె మీదే. ఇప్పుడు మిషన్ కోతల్లో వెన్నులు పెద్దగా మిగలవు, అందుకని మూలలు చేత్తో కోసుకునేవాళ్లకు వదిలేయండి. కొబ్బరి తోటలో రాలిన మట్ట, ఈనెల కోసం వచ్చే ఆడవాళ్లను తరమకండి.

నాలుగో మెట్టు: ప్రార్థన

ప్రార్థన నాలుగో మెట్టు మీద ఎందుకుంది అని మీ పాస్టరు అయ్యగారు అడగొచ్చు. మత్తయి 5:23–24 చూపించండి. బలిపీఠం దగ్గర కానుక పట్టుకుని నిలబడ్డాక సహోదరుడికి నీమీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. బాకీ తీర్చే నడకలోనే ప్రార్థన మొదలవుతుంది.

పొద్దున 15 నిమిషాలు చాలు. ఫోను ఇంకో గదిలో ఉండాలి, బైబిలు ఫోనులో చదవకండి, రెండో వచనానికి మెసేజీ వస్తుంది. మార్కు సువార్తకు 16 అధ్యాయాలు, రోజుకొకటి చదివితే రెండు వారాల రెండు రోజులు. తర్వాత యాకోబు, 5 అధ్యాయాలు, నెమ్మదిగా. వాగ్దానాల కార్డులో వచనం ఒక్కటే చూసి లేవడం అన్నం వదిలి అప్పడం తినడం. చదివాక "ఇవాళ దీన్ని బట్టి ఏం చేయాలి" అని ఒకే ఒక పని పుస్తకంలో రాయండి. "అందరినీ ప్రేమించాలి" అని రాస్తే లాభం లేదు. "కింద ఇంటి పెద్దమ్మ గారికి కంటి ఆసుపత్రికి తోడు వెళ్లాలి" అని రాయండి.

తర్వాత మీ వీధిలో రోజుకు 5 ఇళ్లు, వరసగా. ఎవరు ఏ మతమన్నది చూడకండి. వాళ్ల పిల్లల పరీక్ష, ఎడ్ల జబ్బు, కువైట్ వెళ్లిన కోడలి క్షేమం పేరుపేరునా చెప్పండి. పేర్లు తెలియకపోతే ఆ సాయంత్రం వెళ్లి తెలుసుకోండి.

మందిరం మైకు గురించి ఒక ముక్క. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 నాటి నియమం. తెల్లవారుజాము ప్రార్థన మానక్కర్లేదు, మైకు ఆపేయండి. పక్క గుడి మైకు మోగుతోంది కదా అన్నది సమాధానం కాదు.

ఐదో మెట్టు: కుడి పేజీ

ఇప్పుడు కుడి పేజీలో పేర్ల దగ్గరికి రండి. క్షమాపణ అడగడం మనకు రాదు. "ఏమైనా తప్పు జరిగి ఉంటే క్షమించండి, వందనాలండి" అంటాం. అందులో తప్పు ఎవరిదో, ఏదో తెలియదు. ఇలా అనండి: "బాబాయ్, మొన్న బోదె దగ్గర మీ అబ్బాయిని నలుగురిలో దొంగన్నాను. నేను చూడకుండా అన్నాను. తప్పు నాదే." అక్కడ ఆగండి. "కానీ మీరు కూడా" అన్న మాట వచ్చిందంటే వెళ్లిందంతా వృథా. నలుగురిలో అన్న మాటైతే నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి, ఇంట్లో చెవిలో చెప్తే చాలదు. వాళ్లు క్షమించకపోతే తిరిగి వచ్చేయండి. పట్టుబట్టకండి.

తప్పు వాళ్లదైతే మత్తయి 18:15 చెప్పిన వరస మారకూడదు. ముందు ఒంటరిగా వెళ్లాలి, తర్వాతే ఇద్దరు ముగ్గురు, చివరికి సంఘం. మన దగ్గర ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు స్త్రీల కూటంలో "ఫలానా వాళ్ల అమ్మాయి కోసం భారంగా ప్రార్థించండి" అంటారు, వారానికి ఊరంతా తెలుస్తుంది, చివర్న ఆ అమ్మాయికి తెలుస్తుంది. ప్రార్థన మనవి చెప్పేముందు సంబంధించిన మనిషిని అడగండి. అడగలేకపోతే పేరు లేకుండా మీరొక్కరే దేవుడికి చెప్పుకోండి.

భర్త తాగొచ్చి కొడుతుంటే "ఓర్చుకో అమ్మా, ప్రార్థించు" అని తిప్పి పంపడం విశ్వాసం కాదు. ఆ రాత్రికి మీ ఇంట్లో చోటివ్వండి. పోలీసులకు 112కు గాని, మహిళల సహాయానికి 181కు గాని ఫోను చేయించండి. గృహహింస నుంచి రక్షణకు 2005లో చట్టం వచ్చింది. క్షమించడం, మళ్లీ దెబ్బలకు వీపు అప్పగించడం ఒకటి కావు.

ఆరో మెట్టు: ఇచ్చేటప్పుడు

పిడికెడు బియ్యం పాత పద్ధతే, కాని లెక్క తెలిసి చేస్తే బలం వస్తుంది. ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు డబ్బాలో వేయండి. పిడికెడు 50 గ్రాములనుకుంటే రెండు పూటలకు 100, నెలకు 3 కిలోలు. పది ఇళ్లు కలిస్తే 30 కిలోలు. ఒంటరి ముసలమ్మలిద్దరికి నెల గడుస్తుంది. రకం వేరే పెట్టకండి, మీరు తినే బియ్యమే వేయండి. చీకటి పడ్డాక పిల్లల చేత పంపండి. ఫోటో తీస్తే మత్తయి 6:2 ప్రకారం మీ కూలి మీకు ముట్టేసింది.

వరదకు ముందే సిద్ధంగా ఉండాలి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మొదటి హెచ్చరిక వినగానే లంక గ్రామాల్లో తెలిసినవాళ్లకు ఫోను చేసి ముసలివాళ్లు, బాలింతలు ఎందరున్నారో రాసుకోండి. రెండోదానికి వాళ్లను తీసుకొచ్చేయండి, మూడోదాకా ఆగితే పడవ దొరకదు. సంఘంలో ముందే ఉంచాల్సినవి: టార్పాలిన్లు, మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన తాగే నీళ్లకు క్యాన్లు, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, ఆడవాళ్లకు ప్యాడ్లు, పశువులకు ఎండుగడ్డి. గడ్డి ఎందుకంటే గేదెను వదిలి రానని ఇంటి మీదే కూర్చునేవాళ్లు ప్రతి వరదలోనూ ఉంటారు. పొట్లంలో కరపత్రం పెట్టకండి. ఆకలితో ఉన్నవాడి చేత చదివించేది సువార్త కాదు. కాటన్ దొర విశ్వాసే, అయినా ఊళ్లలో ఆయనకు విగ్రహాలు పెట్టింది 1852కి ఆనకట్ట పూర్తయి చేలకు నీళ్లొచ్చినందుకు.

ఇంట్లో మూడు చోట్ల జారుతుంది

పెళ్లి. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 చట్టం కింద నేరాలు. "మేం అడగలేదు, వాళ్లు ప్రేమతో కానుక ఇచ్చారు" అని పేరు మారిస్తే మారదు. పిల్లాడి తల్లిదండ్రులే నిశ్చితార్థానికి ముందు "మాకు ఏమీ వద్దు" అని పెద్దల ముందు చెప్పేయాలి. అమ్మాయి వైపువాళ్లు ఆ మాట ఎప్పటికీ అడగలేరు.

సంక్రాంతి. పందెం కాయని విశ్వాసులు చాలామందే ఉన్నారు. కాని కోడిపందాల బరికి కొబ్బరి తోట అద్దెకిచ్చేవాళ్లు, గుండాట బల్లల పక్కన పలావు కొట్టు పెట్టేవాళ్లు కూడా మనలోనే ఉన్నారు. ఆ డబ్బులో దశమభాగం వేస్తే శుభ్రపడదు.

కులం. గలతీ 3:28 గోడ మీద రాసుకున్న సంఘాల్లో కూడా సంబంధం చూసేటప్పుడు మొదటి ప్రశ్న అదే. ఒక్కసారిగా మారదు. ఈ నెలలో వేరే పేట విశ్వాసి కుటుంబాన్ని ఒకదాన్ని భోజనానికి పిలవండి, వచ్చే నెల వాళ్లింట్లో తినండి. రెండోది కష్టం, అదే అసలు పరీక్ష.

మూడో వారం

అన్నీ ఒకేసారి ఎత్తుకుంటే మూడో వారానికి పుస్తకం అటక ఎక్కుతుంది. వారానికి ఒక బాకీ, ఒక పేరు చాలు. తీరినదాని మీద గీత కొట్టండి, తేదీ వేయండి. పుస్తకం ఎవరికీ చూపించకండి, సాక్ష్యాల్లో చదవకండి.

శనివారం రాత్రి మళ్లీ తెరిచినప్పుడు గీత పడని వరస ఒకటి తప్పకుండా ఉంటుంది. వెళ్లడానికి సిగ్గుపడుతున్న ఇల్లు అది. దాన్ని చింపేయకుండా కొత్త పేజీలో మొదటి వరసగా మళ్లీ రాయండి, ఆదివారం మందిరానికి ఆ వీధి గుండా వెళ్లండి.